ఏ వరుస ఎవరు రాశారో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

లినక్స్ లాంటి పెద్ద ప్రోగ్రామును వేలమంది కలిసి రాస్తారు. అందులో ఏ వరుస ఎవరిదో కంప్యూటర్ ఇట్టే చెప్పేస్తుంది. ఎలాగంటారా?

మీ ఇంట్లో నెల సరుకుల చీటీ ఉందనుకోండి. అమ్మ కందిపప్పు, చింతపండు రాసింది. నాన్న కిలో బెల్లం చేర్చారు. తాతయ్య దాన్ని అరకిలో చేశారు. చీటీ మారిన ప్రతిసారీ ఫొటో తీసి, మార్చినవాళ్ల పేరు, తేదీ రాసిపెట్టారు. మరి బెల్లం వరుస ఎవరిది? చివరి ఫొటోను దాని ముందుదానితో పోల్చండి. వరుస మారింది కాబట్టి అది తాతయ్యది. కందిపప్పు వరుస మారలేదు కదా! ఇంకా వెనక్కి వెళ్లండి. మొదటి ఫొటో దగ్గర అమ్మ పేరు దొరుకుతుంది.

2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన 'గిట్' అనే ప్రోగ్రాము చేసేదీ ఇదే. ప్రతి మార్పునూ పేరు, తేదీ, చిన్న వివరణతో దాచుకుంటుంది. 'గిట్ బ్లేమ్' అనే ఆదేశం ఇస్తే, వెనక్కి పోల్చుకుంటూ వెళ్లి ఒక్కో వరుస పక్కన దాన్ని చివరిగా మార్చినవారి పేరు, తేదీ చూపిస్తుంది.

బెల్లం ముందుగా అడిగింది నాన్నే అయినా, అక్కడ కనిపించేది తాతయ్య పేరే! అందుకే పేరు చూడగానే తప్పు మోపకండి. ఆ మార్పుతోపాటు దాచిన వివరణ చదివితే, ఎందుకు మార్చారో తెలుస్తుంది.