పాత కంప్యూటర్‌కు కొత్త బలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి గోదావరి డెల్టా రైతు కాలువ నీటిని నమ్ముకొని జీవిస్తున్నాడు. అనుభవం అతనికి నేర్పిన సత్యం ఒకటుంది. కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా చేలోకి వచ్చే నీరు తూము పరిమాణానికి మించి రాదు. తూము ఇరుకైనప్పుడు దానిని వదలి కాలువను వెడల్పు చేయిస్తే ఖర్చు పెరుగుతుందే కాని చేను తడవదు. పాతబడిన కంప్యూటర్‌లో ఏ భాగాన్ని మార్చాలో నిర్ణయించుకొనే విద్యార్థికి కూడా ఈ సత్యమే మార్గదర్శకం.

భీమవరం పరిసరాలలో ఎన్నో కుటుంబాలకు వరి చేలు, రొయ్యల చెరువులే జీవనాధారం. పంట చేతికి వచ్చినప్పుడే ఇటువంటి ఖర్చుకు వీలు కలుగుతుంది. పాఠాలకూ, ప్రోగ్రామింగ్ సాధనకూ, ఆటలకూ ఇంట ఉన్నది ఒకే కంప్యూటర్ అయినప్పుడు, ఆ సొమ్మును తగని భాగంపై వెచ్చిస్తే మరో పంట దాకా ఆగవలసి వస్తుంది. కావున కొనడానికి ముందు పరీక్షించడం అవసరం.

కంప్యూటర్ ఆటలో ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క బాధ్యత ఉంది. ఆట నియమాలను, పాత్రల కదలికలను ప్రాసెసర్ లెక్కిస్తుంది. ఆ లెక్కల ప్రకారం గ్రాఫిక్స్ కార్డు దృశ్యాన్ని చిత్రిస్తుంది. అప్పటికప్పుడు కావలసిన సమాచారం ర్యామ్‌లోను, మిగిలినదంతా హార్డ్ డిస్క్‌లోను ఉంటుంది. సెకనుకు 60 చిత్రాలు కనిపించాలంటే ఒక్కొక్క చిత్రం సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. ఏ ఒక్క భాగం ఆలస్యం చేసినా మిగిలినవి దానికోసం వేచి ఉండక తప్పదు.

అమెరికాకు చెందిన జీన్ ఆమ్డాల్ 1967లో ప్రతిపాదించిన సూత్రం దీనిని గణితరీత్యా వివరిస్తుంది. ఒక పనికి 100 సెకన్లు పడుతూ, అందులో ఒక భాగం చేసే పని 20 సెకన్లే అనుకుంటే, ఆ భాగాన్ని ఎంత వేగవంతం చేసినా మొత్తం సమయం 80 సెకన్లకన్న తగ్గదు. అనగా ఎక్కువ సమయం తీసుకొనే భాగాన్ని గుర్తించి మార్చినప్పుడే పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుంది.

పరీక్షను దుమ్ముతో ప్రారంభించాలి. కాలువలో గుర్రపుడెక్క పెరిగితే నీటికి అడ్డుపడినట్లు, ఫ్యాన్లలో దుమ్ము పేరుకొంటే గాలికి అడ్డుపడుతుంది. వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. శుభ్రపరచడంతో సమస్య తీరకపోతే, ఆట నడుస్తుండగా విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌ను చూడాలి. ర్యామ్ నిండిపోయి ఆట మధ్యమధ్య ఆగుతుంటే లోపం ర్యామ్‌ది. ఆట తెరుచుకోవడానికే చాలా సమయం పడుతూ డిస్క్ వినియోగం 100 శాతానికి చేరుతుంటే లోపం డిస్క్‌ది.

మిగిలిన రెండింటిని వేరుచేయడానికి సులభమైన ఉపాయం ఉంది. ఆటలో దృశ్య పరిమాణాన్ని 1920×1080 నుండి 1280×720కు తగ్గించాలి. అప్పుడు చిత్రించవలసిన బిందువుల సంఖ్య సగానికన్న తక్కువవుతుంది. ఆట వేగం బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుపై ఉన్నట్లు. మార్పు లేకపోతే ప్రాసెసర్‌పై ఉన్నట్లు భావించవచ్చు.

2017లో ఇంటెల్ కోర్ ఐ5-7400 ప్రాసెసర్, 8 జి.బి. ర్యామ్, హార్డ్ డిస్క్, జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. కార్డుతో అమర్చిన కంప్యూటర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుండి 200 మెగాబైట్లు చదివితే, సాటా రకం ఎస్.ఎస్.డి. 500కు పైగా చదువుతుంది. దీనివల్ల ఆట త్వరగా తెరుచుకుంటుంది కాని, ఆడేటప్పుడు చిత్రాల సంఖ్య పెద్దగా పెరగదు. దానికి మెరుగైన కార్డు కావాలి. అయితే 1050 టి.ఐ. కార్డుకు 75 వాట్లు చాలగా, ఆర్.టి.ఎక్స్. 3060 కార్డుకు 170 వాట్లు కావాలి. పవర్ సప్లై అందుకు తగినది కాకుంటే, అది ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్లే అవుతుంది.

భాగం ఎంతకాలం ఉపయోగపడుతుందన్నది కూడా ఆలోచించాలి. ఎస్.ఎస్.డి.ని, గ్రాఫిక్స్ కార్డును రేపటి కొత్త కంప్యూటర్‌లోనూ అమర్చుకోవచ్చు. డి.డి.ఆర్.4 ర్యామ్ మాత్రం డి.డి.ఆర్.5 మదర్‌బోర్డులో ఇమడదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పై ప్రాసెసర్ విండోస్ 11 ఆమోదించిన జాబితాలో లేదు. దాని మదర్‌బోర్డు 2017 చివర వచ్చిన ఎనిమిదవ తరం ప్రాసెసర్లను సైతం స్వీకరించదు. కాబట్టి పరీక్షలన్నీ ప్రాసెసర్‌నే దోషిగా చూపితే దానితోపాటు మదర్‌బోర్డునూ, అనేక సందర్భాలలో ర్యామ్‌నూ మార్చవలసి ఉంటుంది. అది దాదాపు కొత్త కంప్యూటర్ కొనడమే. అటువంటప్పుడు చిన్న చిన్న మరమ్మతులకు సొమ్ము చెల్లాచెదురు చేయక, మరో పంట వరకు దాచుకోవడమే వివేకం.