మా నత్త పరుగెత్తిందోచ్!

రాత్రి పదకొండైంది. హాల్లో లైటు ఆపేసి అక్వేరియం ముందు కూర్చున్నా. పొద్దస్తమానం అద్దానికి అతుక్కుని ఉండే మా నత్త, ఇసుక మీద టకటకా నడిచేస్తోంది! నమ్మలేక ఫోన్ టార్చి వేసి చూశా. గుల్ల మా నత్తదే. కాళ్లు మాత్రం దానివి కావు. లోపల నీలం కాళ్ల పీత ఒకటి దర్జాగా కాపురం పెట్టేసింది. అసలు ఓనరు ఏమైందో వేరే చెప్పాలా?

మా తణుకులో ఉప్పునీటి అక్వేరియం అంటే ఇప్పటికీ వింతే. గోల్డ్ ఫిష్ దాకా అందరికీ తెలుసు. నేను మాత్రం జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో వంద లీటర్ల ట్యాంకు పెట్టి, రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చుకున్నా. నెల తిరిగేసరికి అద్దమంతా గోధుమరంగు పొర, రాళ్ల మీద పచ్చటి నాచు. ఏ వీడియో చూసినా ఒకటే మాట: ‘క్లీనప్ క్రూ వేసెయ్యండి’. అంటే నాచునీ, మిగిలిపోయిన మేతనీ తినే నత్తలు, హెర్మిట్ క్రాబ్‌లు. పేరుపాలెం బీచ్‌లో గవ్వ అనుకుని పట్టుకోబోతే కాళ్లు బయటపెట్టి పారిపోతుందే, అదే హెర్మిట్ క్రాబ్. దాని పొట్ట మెత్తగా ఉంటుంది, పైన పెంకు ఉండదు. అందుకే ఖాళీ నత్తగుల్లలో దూరి బతుకుతుంది. ఒళ్లు పెరిగితే పెద్ద గుల్లకి మారుతుంది.

నేనేం చేశానంటే, ఒక ఆన్‌లైన్ షాపులో పది నత్తలు, పది పీతలు కాంబో ఆర్డర్ పెట్టేశా. ఏ జాతి, ఏం తింటుంది... ఒక్క ప్రశ్న అడగలేదు. మూడు వారాల్లో నత్తలు మూడే మిగిలాయి. డబ్బు పోయిందన్న బాధ కన్నా, నా తొందరకి అవి చచ్చాయన్నదే ఎక్కువ గుచ్చుకుంది.

మావయ్య వేసిన ప్రశ్న

మొగల్తూరు దగ్గర మా మావయ్యకి రొయ్యల చెరువుంది. ఇంటికొచ్చినప్పుడు ట్యాంకు కేసి కాసేపు చూసి అడిగాడు.

“ఏరా అల్లుడూ, మేత ఎంతేస్తున్నావ్?”

“పూటకో చిటికెడు మావయ్యా. ఒక్కోసారి మధ్యాహ్నం కూడా.”

“చెక్ ట్రేలో మేత మిగిలితే మేమేం చేస్తాం? మేత తగ్గిస్తాం. అంతేగానీ నత్తల్ని తెచ్చి చెరువులో వదుల్తామేంట్రా?”

అక్కడ వెలిగింది నాకు. నాచు పెరగడానికి కారణం నత్తలు లేకపోవడం కాదు, నా చెయ్యి ఆగకపోవడం. పైగా నత్త నాచు తిన్నాక విసర్జించేది కూడా ఆ నీళ్లలోనే కదా! నైట్రేట్ తగ్గాలంటే నీళ్లు మార్చాల్సింది మనమే. క్లీనప్ క్రూ మనకి సాయం చేస్తుంది తప్ప మన పని మానిపించదు.

మురికిని బట్టి మనిషి... సారీ, నత్త!

మేత తగ్గించాక కూడా ఏం మిగిలిందో, ఎక్కడ మిగిలిందో చూడండి. దాన్ని బట్టి ఎంచుకోండి.

అద్దం మీద, రాళ్ల మీద పల్చటి నాచుకి ట్రోకస్ బాగా పనిచేస్తుంది. పడిపోయినా తనంతట తనే తిరగబడి లేస్తుంది. ఆస్ట్రియా కూడా నాచు బాగానే తింటుంది కానీ ఇసుకలో వెల్లకిలా పడితే లేవలేదు. నావి సగం అలాగే పోయాయి. పొడుగాటి నాచుకి టర్బో మొనగాడే, కాకపోతే బండగా తిరుగుతూ సరిగ్గా నిలబెట్టని రాళ్లని దొర్లించేస్తుంది. నెరైట్ అద్దాన్ని తళతళలాడిస్తుంది కానీ ఒడ్డున ఉండే రకం, మూత లేకపోతే ట్యాంకు దాటి నేల మీదకొచ్చేస్తుంది.

ఇసుకలో పడ్డ మేతకి నసారియస్. పగలంతా ఇసుకలో దాక్కుని తొండంలాంటి గొట్టం ఒక్కటే బయటపెడుతుంది. మేత వాసన తగిలిందా, దెయ్యాల సినిమాలోలా పైకి లేస్తుంది! అయితే నాచు ముట్టదు. నాచు కోసం దీన్ని కొంటే డబ్బు దండగ. సెరిత్ చిన్నదే గానీ ఇసుకలోనూ అద్దం మీదా రెండుచోట్లా పనిచేస్తుంది.

కొత్త ట్యాంకులో వచ్చే గోధుమరంగు పొర చాలాసార్లు కొన్ని వారాలకి తనే తగ్గుతుంది. దాన్ని చూసి కంగారుపడి ఆర్డర్లు పెట్టకండి. ట్యాంకు సిద్ధం కావడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే ప్రాణుల్ని దించాలి.

పీతకి ఇల్లివ్వండి

హెర్మిట్ క్రాబ్‌లు చిన్నరకాలే తీసుకోండి. వంద లీటర్లకి రెండో మూడో చాలు. ఒక్కో పీతకీ రెండు మూడు ఖాళీ గుల్లలు వేయండి. ఇప్పుడున్న ఇంటి కంటే వాటి నోరు కాస్త పెద్దదిగా ఉండాలి. రంగులేసినవి వద్దు. ఉడకబెట్టి, చల్లార్చి వేయాలి. ఇల్లు దొరకని పీతే కాదు, ఆకలేసిన పీత కూడా నత్త మీద పడుతుంది. గుల్లలున్నా నత్తలకి వంద శాతం గ్యారంటీ లేదు. అది మీకు ఇష్టం లేదా? పీతలు మానేసి నత్తలతోనే సరిపెట్టుకోండి. ఏ ఇబ్బందీ లేదు.

బీచ్‌లో ఏరుకొస్తే పోలా?

ఈ ప్రశ్న నా ఫ్రెండ్స్ అందరూ అడిగారు. ఒకడైతే కొల్లేరు నత్తలు తెస్తానన్నాడు. అవి మంచినీటివి, ఉప్పునీళ్లలో బతకవు. పోనీ సముద్రానివంటే, పేరుపాలెంలో దొరికే గవ్వల్లో కొన్నిటికి డ్రిల్లు వేసినట్టు గుండ్రటి కన్నం ఉంటుంది, చూశారా? అది మూన్ స్నెయిల్ చేసే పని. తోటి నత్తల్నీ ఆల్చిప్పల్నీ తొలిచి తినే జాతి. కోన్ స్నెయిల్ అయితే విషపు ముల్లు గుచ్చుతుంది, మనిషి ప్రాణానికే ప్రమాదం. హెర్మిట్ క్రాబ్‌లలో నేల మీద బతికే రకాన్ని నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. పైగా గవ్వలూ శంఖాల్లో కొన్ని జాతులకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అందుకే కొనేటప్పుడు కూడా జాతి పేరు అడిగి, బిల్లు తీసుకోండి.

దించేటప్పుడు

సముద్రపు నీటి ఉప్పదనం సుమారు 35 పీపీటీ. గోదావరి వరదల కాలంలో మన తీరంలో అది బాగా తగ్గుతుంది. ట్యాంకులో మాత్రం ఒకేలా ఉండాలి. నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరవ్వదు. కాబట్టి తగ్గినంత మేర ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కావాలంటే మనకి దూరం వెళ్లే పని లేదు, భీమవరం ఆక్వా షాపుల్లో అడగండి.

కొత్త ప్రాణి రాగానే గభాలున ట్యాంకులో వేసేయొద్దు. సెలైన్ గొట్టంతో ట్యాంకు నీళ్లని చుక్కచుక్కగా దాని గిన్నెలోకి వదలండి. గంటకి తక్కువ కాకూడదు. ఇంకోటి, చేపల మందులు కొన్నిటిలో రాగి ఉంటుంది. మైలుతుత్తంలో ఉండేదీ అదే. చేపలు తట్టుకునే మోతాదు కూడా నత్తల్నీ పీతల్నీ చంపేస్తుంది. చేపకి జబ్బు చేస్తే వేరే తొట్టెలో పెట్టి మందు వేయండి.

ఇప్పుడు నా ట్యాంకులో మూడు సెరిత్‌లు, మూడు నసారియస్‌లు, రెండే పీతలు. మిగతా పీతల్ని అక్వేరియం ఉన్న ఇంకో ఫ్రెండుకి ఇచ్చేశా, గుల్లలతో సహా. మేత రోజుకి ఒక్కసారే. అద్దం వారానికోసారి నేనే తుడుస్తా.

మొన్న రాత్రి మా నీలం కాళ్ల దొంగ, నేను వేసిన ఖాళీ గుల్ల ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి, చటుక్కున అందులోకి దూకేసింది. మా నత్త గుల్ల ఖాళీ అయింది. దాన్ని తీసి కడిగి టేబుల్ మీద పెట్టుకున్నా. ఆన్‌లైన్‌లో ఏదైనా కొనబోయే ముందు ఒకసారి దానివైపు చూస్తున్నా.