లాలాజలము – దంతరక్షణము

బందరులడ్డు రుచి మెచ్చని కృష్ణామండలవాసి యుండఁడు. కాని తీపిశేషము పండ్లసందులఁ జిక్కినచో, నచ్చటి సూక్ష్మజీవులు దాని నామ్లముగా మార్చును. వీనిలో ముఖ్యమగు స్ట్రెప్టొకాకస్ మ్యూటన్స్ అనుదానిని 1924లో క్లార్క్ అను శాస్త్రజ్ఞుఁడు వర్ణించెను. ఈ యామ్లము పంటిపై గట్టిపొరను కరఁగించును. పిప్పిపన్నునకు మొదలిదియే.

దీనికి విరుగుడు మన నోటనే యున్నది. దినమునకు అరలీటరునుండి లీటరున్నరవఱకు ఊరు లాలాజలము ఆ యామ్లమును కడిగి, కాల్షియమును, భాస్వరమును పంటికి మరల నందించును. ఆ యామ్లము తగ్గుటకు సుమారు అరగంటనుండి గంటవఱకు పట్టును.

ఇటీవలి పరిశోధకులు మఱియొక విషయమును విచారించుచున్నారు. దేహము సూక్ష్మజీవులతోఁ బోరాడునపుడు ప్రాణవాయువునుండి పుట్టు తీక్ష్ణపదార్థములు హెచ్చి కణములను బాధించును. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి యందురు. లాలాజలములోని యూరికామ్లము, పెరాక్సిడేజు మొదలగునవి వాని నణఁచును. పిప్పిపండ్లుగల పిల్లల లాలాజలమున నీ రక్షకశక్తి హెచ్చుగా నుండుట పలు పరిశీలనలలోఁ గనఁబడినది. ఇది వ్యాధికి కారణము గాక, వ్యాధి నెదుర్కొను దేహప్రయత్నమై యుండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంతురు.

కావున బాలబాలికలారా! తీపిని మాటిమాటికిఁ దినక, భోజనముతోనే తిని, నోరు పుక్కిలించి, లాలాజలమునకుఁ దన పని చేయు వ్యవధి నొసఁగుఁడు. నిద్రలో నది తగ్గును గనుక, పరుండుటకు ముందు పండ్లు తోముకొనుట మఱవకుఁడు. పాలపండ్లు ఊడిపోవునవే కదా యని తల్లిదండ్రులును ఉపేక్షింపరాదు. వచ్చు పండ్లకు చోటు కాచియుంచునవి యవియే.