ఇందూరు తండా నుండి జాతీయ జట్టుకు

బస్తరు సీమకు పడమటి అంచున, ఇంద్రావతి గోదావరిలో కలిసే తావుకు చేరువలో భోపాల్‌పట్నం ఉన్నది. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూర్ జిల్లాకు చెందినది. గోండీ, హిందీ భాషలతోబాటు అక్కడ తెలుగూ వినబడుతుంది. నిజామాబాదు నుండి జగిత్యాల, మంచిర్యాల, సిరొంచల మీదుగా జగదల్‌పూర్‌కు పోయే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. ఆ దారి మూడు రాష్ట్రాలను కలుపుతున్నది. దానికి ఆవలి కొసన ఉన్న ఇందూరు సీమ భారత మహిళా ఫుట్‌బాల్‌కు ఒక మేటి క్రీడాకారిణిని అందించినది. ఆమె పేరు సౌమ్య గుగులోత్.

సౌమ్య 2001లో నిజామాబాదు జిల్లాలోని ఒక లంబాడా తండాలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. చిన్ననాట ఆమె అభిరుచి పరుగు పందేల మీద ఉండేది. ఆ వేగమే తరువాత ఫుట్‌బాల్‌లో ఆమెకు పెట్టుబడి అయినది. జట్టు ముందువరుసలో, మైదానపు అంచున ఆడేవారికి వేగం ప్రాణం వంటిది. బంతిని అంచు వెంబడి తీసుకొనిపోయి, ఎదుటి రక్షకులను దాటి, గోలు ముందున్న తోటివారికి అందించడమో, తామే లోపలికి మళ్లి గోలు చేయడమో వారి పని. సౌమ్య ఈ రెండింటిలోను ఆరితేరినారు.

ఆమె కేరళలోని గోకులం జట్టు తరఫున ఆడినారు. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా రాజధానిలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరినారు. తరువాత కలకత్తాలోని ప్రసిద్ధమైన ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వచ్చినారు. 2025 ఏప్రిల్‌లో కల్యాణి మైదానంలో, అంతకుముందటి విజేత అయిన ఒడిశా జట్టుపై ఆమె చేసిన ఏకైక గోలు ఈస్ట్ బెంగాల్‌కు తొలిసారిగా జాతీయ మహిళా లీగు విజేత పదవిని సాధించి పెట్టినది. మరుసటి నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా సత్కరించినది. ఆ జూన్‌లో ఆసియా కప్పు అర్హత పోటీలలో మంగోలియాపై భారత్ 13–0తో గెలిచినపుడు అందులో రెండు గోలులు సౌమ్యవి. జూలై 5న థాయిలాండ్‌ను 2–1తో ఓడించి, మన జట్టు 2026 ఆసియా కప్పుకు ఎంపికయినది. అర్హత పోటీల ద్వారా ఈ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఇందులో పాఠకులు గమనింపదగిన విషయమొకటి ఉన్నది. మన మహిళలకు ఫుట్‌బాల్ కొత్తది కాదు. 1975లోనే భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది. 1979–80లోను, 1983లోను మన జట్టు ఆసియాలో ద్వితీయ స్థానం పొందినది. 1983లో శాంతి మల్లిక్ అర్జున పురస్కారం అందుకొన్నారు. అయినను ఆ వెలుగు నిలువలేదు. జాతీయ మహిళా లీగు ఆరంభమయినది 2016–17లోనే. ఆ నడుమ మూడు దశాబ్దాలకు పైగా, ప్రతిభ గల బాలికలకు ఏటేటా క్రమంగా ఆడే జాతీయ లీగు లేకపోయినది. ఏడాదికి కొద్దిపాటి పోటీలతో ఏ క్రీడాకారిణి నైపుణ్యమూ పదునెక్కదు. జీవిక చూపని ఆటలో బిడ్డను కొనసాగించడం పేద కుటుంబానికి కష్టం. మణిపూర్‌కు చెందిన ఓయినాం బెంబెం దేవి వంటివారు ఆ కాలంలోనే పట్టుదలతో ఆడి, దేశానికి పేరు తెచ్చినారు. ఆమెకు 2020లో పద్మశ్రీ లభించినది. కాని అందరికీ అంతటి ఓర్పు సాధ్యం కాదు. సౌమ్య తరానికి లీగు ఉన్నది. కనుక తండా నుండి బయలుదేరిన వేగం వృథా పోలేదు.

బస్తరు సీమకూ ఈ ఆట పరాయిది కాదు. నారాయణపూర్‌లోని రామకృష్ణ మిషన్ ఆశ్రమ మైదానంలో జాతీయ స్థాయి ఫుట్‌బాల్ పోటీలు జరిగినవి. ఛత్తీస్‌గఢ్ బిడ్డ కిరణ్ పిస్దా భారత జట్టులో స్థానం సంపాదించినారు. జట్టులో తమిళ, మణిపురీ, ఒడియా, బెంగాలీ, తెలుగు మాటలు వేరువేరుగా వినిపించినా, బంతి అందించే వేళ ఎవరి భాష ఏదని అడిగేవారు లేరు.

భోపాల్‌పట్నం పాఠశాలలో చదివే బాలికకు కావలసినవి గొప్ప వసతులేమీ కావు. చదునైన మైదానం, శ్రద్ధ గల వ్యాయామోపాధ్యాయుడు, ఏటా క్రమం తప్పని పోటీలు, ఆడపిల్లకు ఆట ఎందుకనని ఇల్లు — ఈ నాలుగూ ఉంటే చాలును. వీటిలో మొదటి మూడు ప్రభుత్వాలు, సంస్థలు సమకూర్చవలసినవి. నాలుగవది మాత్రం మన చేతిలోనే ఉన్నది.