కుక్క పళ్లెంలో మాంసకృత్తులు

ప్రోటీన్లకు తెలుగులో స్థిరపడిన మాంసకృత్తులు అన్న మాటకు మాంసాన్ని కలిగించేవి అని అర్థమే తప్ప మాంసం నుంచి వచ్చేవి అని కాదు. కుక్కల తిండి విషయంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెండు అర్థాలనూ ఒకటిగా తలచడం వల్లనే జరుగుతున్నాయి. మాంసం వేస్తే చాలునని కొందరు, పెరుగన్నంతోనే సరిపోతుందని మరికొందరు అనుకుంటారు. కుక్క శరీరానికి కావలసినవి ప్రోటీన్లు జీర్ణమైనప్పుడు విడివడే అమైనో ఆమ్లాలు. ప్రోటీన్ల నిర్మాణంలో పాల్గొనే ఇరవై అమైనో ఆమ్లాలలో పదింటిని కుక్క తనంతట తాను చాలినంతగా తయారుచేసుకోలేదు కనుక అవి తిండిలోనే అందాలి; ఎదిగిన మనిషికి ఇలాంటివి తొమ్మిదే. కుక్కకు అదనంగా కావలసిన పదవది ఆర్జినిన్. ప్రోటీన్లు విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రంలో బయటికి పంపే పనికి ఇది తప్పనిసరి కాబట్టి, ఇది బొత్తిగా కొరవడిన తిండి కుక్కకు గంటల వ్యవధిలోనే హాని చేయగలదు.

కుక్క మాంసాహారుల జాతికే చెందినా, వేల ఏళ్లుగా మనిషి ముంగిట బతికి అన్నం అరిగించుకోవడం నేర్చిన జంతువు. స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రకటించిన జన్యు అధ్యయనం ప్రకారం, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైముకు మూలమైన జన్యువుకు తోడేళ్లలో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. అందువల్ల అన్నం, సంకటి, రొట్టె కుక్కకు పరాయి తిండి అనడానికి వీల్లేదు. చిక్కల్లా వాటితోనే రోజూ కడుపు నింపినప్పుడు వస్తుంది.

ఆ చిక్కు ఎంత దూరం పోగలదో హైదరాబాదులో జరిగిన పరిశోధన ఒకటి చూపింది. దక్కన్ పీఠభూమిలో జొన్నే ముఖ్యాహారంగా బతికే పేదల్లో ఒకప్పుడు పెల్లాగ్రా, అంటే ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టడంతో మొదలై విరేచనాలకూ మతిభ్రమకూ దారితీసే పోషకాహార లోప వ్యాధి, తరచుగా కనిపించేది. ఇదే లోపం కుక్కల్లో నల్లనాలుక వ్యాధిగా బయటపడుతుంది: నోరు పూసి, చొంగ కారి, నాలుక కమిలి నల్లబడిన కుక్క తిండి ముట్టడం మానేస్తుంది. 1937లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కాన్రాడ్ ఎల్వేజెమ్ బృందం, నియాసిన్ అనే బి విటమిన్‌తో కుక్కల నల్లనాలుక నయమవుతుందని కనుగొని మనుషుల పెల్లాగ్రాకూ మందు చూపింది. హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, భవానీ బేలవాడి 1965లో ప్రకటించిన ప్రయోగాల్లో, జొన్నతో కూడిన ఆహారం పెట్టిన కుక్కలకు నల్లనాలుక రావడం గమనించారు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం కొంత నియాసిన్ చేసుకోగలదు; జొన్న ప్రోటీన్లలో మోతాదు మించి ఉన్న లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఆ పనికి అడ్డుపడుతుందన్నది గోపాలన్ బృందం ఇచ్చిన వివరణ. లూసిన్ పాత్ర మీద తరువాతి కాలంలో వాదోపవాదాలు నడిచాయి గాని, ఒకే ధాన్యాన్ని నమ్ముకున్న తిండిలో ప్రోటీన్ ఉన్నా అమైనో ఆమ్లాల పొత్తు కుదరదన్న సంగతిని ఎవరూ కాదనలేదు. ఇందులో జొన్నరొట్టెను నిందించవలసినది ఏమీ లేదు; దానితో పాటు ఉడికించిన గుడ్డో, కాస్త మాంసమో, మెత్తగా ఉడికిన పప్పో పళ్లెంలో పడితే ఆ లోటు చాలావరకు పూడుతుంది.

పప్పులకు ఉన్న ప్రయోజనమూ ఈ పొత్తులోనే ఉంది. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో, పప్పులో తక్కువైన మెతియోనిన్ బియ్యంలో దొరకడం వల్ల పప్పన్నం విడివిడి దినుసుల కన్నా మేలైన ఆహారమవుతుంది. అయితే కుక్క కోసం తీసిపెట్టే పప్పును పోపు పడకముందే తీయాలి. వేరుశనగ సంగతి వేరు. నిల్వలో చెమ్మ తగిలితే దాని మీద పెరిగే ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని చెరుస్తుంది, వేయించినా పూర్తిగా పోదు, కుక్కలు దానికి తొందరగా లొంగుతాయి. మనుషులు తినడానికి పనికిరావని ఏరి పారేసిన పుచ్చు పల్లీలను కుక్కకు వేయడం పొదుపు అనిపించుకోదు. సీసాల్లో వచ్చే పల్లీ వెన్నలో చక్కెరకు బదులు జైలిటాల్ కలిపి ఉంటే, మనిషికి ఏమీ కాని ఆ తీపి కుక్క రక్తంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది.

పాలలోని ప్రోటీన్ మంచిదే అయినా, తల్లిపాలు మరచిన కుక్కల్లో పాలచక్కెరను విడగొట్టే ఎంజైము తగ్గిపోతుంది కనుక చాలా కుక్కలకు పాలతో విరేచనాలవుతాయి. తోడుకున్న పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గి ఉంటుంది. ఇక అంగట్లో దొరికే కుక్కతిండి పొట్లం మీద అచ్చువేసిన ప్రోటీన్ శాతం సాధారణంగా నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి చెప్పే అంకె. 2007లో ఉత్తర అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయినప్పుడు, చైనా నుంచి దిగుమతి అయిన గోధుమ ప్రోటీన్‌లో బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే ఉండే మెలమైన్ అనే రసాయనాన్ని కలిపి ఆ అంకెను పెంచిన సంగతి బయటపడింది.

ఇంటి వంటగదిలో దొరికే ప్రోటీన్లలో కుక్కకు అన్నిటికన్నా నమ్మదగినది ఉడికించిన కోడిగుడ్డు. ఒక గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రోటీన్ ఉండటమే కాక, అమైనో ఆమ్లాల పాళ్లు కూడా చక్కగా కుదిరి ఉంటాయి. పచ్చిగుడ్డు బలమన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. పచ్చి తెల్లసొనలోని ఎవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకుని పేగుల్లో ఇంకనీయదు, ఉడికిస్తే ఆ పట్టు వదిలిపోతుంది. సాల్మొనెల్లా క్రిములూ ఉడుకుతోనే చస్తాయి.

మాంసం దగ్గరికి వస్తే, తోలు తీసి, ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం కుక్కకు సరిపడే తిండి, కాని అదొక్కటే తిండి కాకూడదు. మెత్తని మాంసంలో భాస్వరం ఎక్కువ, సున్నం (కాల్షియం) అతి తక్కువ. కుక్కకు సున్నం భాస్వరానికి సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో అందాలి. మాంసమే మేపిన పిల్ల కుక్కల్లో శరీరం రక్తానికి కావలసిన సున్నాన్ని ఎముకల నుంచే లాగుకోవడంతో కాళ్లు వంకర్లు పోతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. దీనికి విరుగుడుగా కూరలోని ఎముకలు వేయడం మరో పొరపాటు, ఎందుకంటే ఉడికి పెళుసైన కోడి ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఎముకలు ఏరేసినా కూర కూరే. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ను చెరచగా, అది హైంజ్ కణికలు అనే చిన్న ముద్దలుగా పేరుకుని కణాలు పగిలిపోతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి ఈ హానికి చాలునని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. పది కిలోల కుక్కకు ఆ లెక్కన 150 నుంచి 300 గ్రాములు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడిచేసినా ఆ గుణం పోదు. చిగుళ్లు పాలిపోయి, మూత్రం కాఫీ రంగుకు తిరిగేసరికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, ఆదివారం మిగిలిన ఉల్లిముద్ద కూరకూ గురువారం నీరసానికీ ఉన్న సంబంధం ఇంట్లోవారికి తట్టదు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు మాత్రం పచ్చి కార్జం, ఊపిరితిత్తులతో వస్తుంది, అది కుక్కతో ఆగదు. గొర్రె, మేక, పశువుల కాలేయంలో ఒక్కోసారి తెల్లని గట్టి పొరలో తేటనీరు నిండిన తిత్తులు కనిపిస్తాయి. అవి ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. కోసేవారు తీసి విసిరేసిన ఆ తిత్తిని కుక్క మింగితే, అందులోని పురుగులు దాని పేగులో కొన్ని మిల్లీమీటర్ల పొడవుకు ఎదిగి, ఆరేడు వారాల్లో గుడ్లను మలంలో వదలడం మొదలుపెడతాయి. కుక్క మాత్రం ఏ జబ్బూ లేనట్టే తిరుగుతుంది. గడ్డి మీది గుడ్లు గొర్రెకు, కుక్క వెంట్రుకలకు అంటిన గుడ్లు దాన్ని నిమిరిన మనిషికి చేరతాయి. మనిషి కాలేయంలో ఏళ్ల తరబడి పెరిగిన తిత్తిని చివరికి శస్త్రచికిత్సతో తీయవలసి వస్తుంది. ఐస్‌లాండ్‌లో ఈ వ్యాధి విపరీతంగా ఉన్న 1860లలో, డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె ఈ చక్రాన్ని వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని అక్కడ ఇంటింటికీ పంచారు. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందనీయకుండా చేయడంతో ఆ దేశం తరువాతి దశాబ్దాల్లో వ్యాధిని వదిలించుకుంది.

మన ఊళ్లలో మటన్ కొట్టు ముందు కుక్కలు కాచుకుని కూర్చునే దృశ్యం ఇంకా మారలేదు. కార్జం, బోటి కుక్కకు పెట్టదలచినవారు అరగంటైనా మరిగించి, అదీ కొద్దిగానే పెట్టాలి, ఎందుకంటే కాలేయంలోని విటమిన్ ఎ రోజూ ఎక్కువగా చేరితే ఎముకలకు హాని చేస్తుంది. పెంపుడు కుక్కకు పశువైద్యుడు చెప్పిన గడువుల్లో బద్దెపురుగుల మందు పట్టించాలి. ఇంటికి తెచ్చిన కార్జంలో నీటితిత్తి కనిపిస్తే దాన్ని కుక్కకు వేయక, చెత్తకుండీలోనూ పడేయక, కాల్చివేయండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి.