అమ్మమ్మ చీర... మనవరాలి పెళ్లికి!

'పాత పట్టుచీరలు కొంటాం...' వీధిలో ఈ కేక వినే ఉంటారు. చిరిగిన చీరకు కూడా డబ్బులిచ్చి మరీ తీసుకెళతాడా వ్యాపారి. పాత జరీలో వెండి ఉంటుంది, కరిగిస్తే ధర పలుకుతుంది. అదే రాగి జరీయో ప్లాస్టిక్‌ జరీయో అయితే ముట్టుకోడు! నలభైఏళ్లనాటి చీర చిరిగినా విలువ పోదు. నిన్నమొన్న కొన్నదేమో నాలుగుసార్లు కట్టేసరికే పోగులూడుతుంది. ఎందుకిలా? తెలుసుకోవాలంటే హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్లాలి.

బలమంతా గూట్లోనే!

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పెట్టింది పేరు. రైతులు తెచ్చిన గూళ్లను దారం తీసే రీలర్లు వేలంలో కొంటారు. ఊరి పక్కనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. మేలురకం బైవోల్టీన్‌ గూటి నుంచి దాదాపు వెయ్యి మీటర్ల పోగు వస్తుంది. అది తెగకుండా, ఒకే మందంలో వస్తేనే బట్ట గట్టిగా ఉంటుంది. ఆ గూళ్లకు ఆధారమైన మల్బరీ తోటలు పెనుకొండ చుట్టుపక్కలా కనిపిస్తాయి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర పాలకులకు రాజధాని అయిన ఊరది.

ధర్మవరం చేరాక దారానికి పురి పెడతారు. సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు. దాంతో బరువులో ఐదోవంతుకుపైనే పోతుంది. ఆ తర్వాత అద్దకం, పడుగు, పేక... ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడితేనే మగ్గం కదులుతుంది. డిజైనును బట్టి ఒక్క చీరకు రోజులు, ఒక్కోసారి వారాలూ పడుతుంది.

ఇంత కష్టానికీ గండి కొడుతున్నది మరమగ్గం. అంచులో, కొంగులో నేత డిజైన్లుండే చీరల్ని 1985 నాటి చట్టం చేనేతకే కేటాయించింది. అయినా మరమగ్గం చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి. అక్కడ మోసపోయేది కొన్నవాళ్లే కాదు, నేసినవాళ్లూ! చవక నకలు పక్కన పెడితే అసలు చీరకు గిట్టుబాటు ధర రాదు.

కొనేముందు...

* సిల్క్‌మార్క్‌ 2004లో వచ్చింది. అది పట్టు స్వచ్ఛతకే హామీ. చేతితో నేసిందా అన్నది చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్‌ మార్క్‌. రెండూ చూడాలి. జరీ సంగతి విడిగా అడగాలి.

* ఒక పోగు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

* జరీని గోటితో గీకండి. పూత కింద తెల్లగా మెరిస్తే వెండి, ఎర్రగా ఉంటే రాగి.

దాచుకునేప్పుడు...

ప్లాస్టిక్‌ కవరు వద్దు. తేమ చేరి జరీ నల్లబడుతుంది. నూలుబట్టలో చుట్టి పెట్టాలి. ఒకే మడతలో ఏళ్లతరబడి ఉంచితే ఆ గీత వెంబడే చిరుగుతుంది కాబట్టి, మూడు నెలలకోసారి మడత మార్చాలి. సెంటు జరీమీద పడనీయకూడదు. ఆరబెట్టేది నీడలోనే.

ఏటా మూడు చీరలు కొనే డబ్బుతో ఒక్క అసలైన చీర కొంటే బీరువాలో చోటు మిగులుతుంది, ధర్మవరంలో ఓ మగ్గం ఆగకుండా ఆడుతుంది. మనవరాలి పెళ్లిలో 'ఇది మా అమ్మమ్మది' అన్న మాటా వినిపిస్తుంది. ఆ మాటకు ఏ వ్యాపారి ధర కట్టగలడు!