ఆ ఉదయం ఫోన్‌లో ఏడుపు వినిపిస్తే...

అమెరికాలో పుట్టి పెరిగిన మీ అమ్మాయి యూనివర్సిటీలో చేరింది. ఇంకా క్లాసులైనా మొదలవలేదు. ‘అమ్మా, నేను రష్‌కి వెళ్తున్నా’ అంది. మీరు గుంటూరులోనో వరంగల్‌లోనో చదువుకుని వెళ్లినవారైతే ఆ మాట అర్థం కాకపోవడంలో వింతేం లేదు. మన కాలేజీల్లో అలాంటిది లేదు మరి.

సోరోరిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం. గ్రీకు అక్షరాల పేరు, చాలాచోట్ల సొంత హౌస్, కట్టాల్సిన ఫీజులు ఉంటాయి. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఇలాంటివి 26 ఉన్నాయి. కొత్తవారిని ఎంచుకునే తంతే రష్, అంటే రిక్రూట్‌మెంట్. చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఆగస్టులో వారం పాటు నడుస్తుంది. మొదట ఒక్కో హౌస్‌కీ వెళ్లి కాసేపు మాట్లాడాలి. తర్వాత అమ్మాయి తన ఇష్టాలను వరసగా రాసిస్తుంది, హౌస్‌లూ తమ జాబితా ఇస్తాయి. రెండూ కలిసినచోటికే మర్నాడు పిలుపు. రౌండు రౌండుకీ జాబితా చిక్కిపోతుంది. ఆఖరున వచ్చే ఆహ్వానమే ‘బిడ్’. 2021లో అలబామా యూనివర్సిటీ అమ్మాయిల టిక్‌టాక్ వీడియోలు వైరల్ అయ్యాక ఈ హడావుడి మరీ ఎక్కువైంది.

ఆ వారం ఒంటికీ పరీక్షే. మండుటెండ, ఎత్తు మడమల చెప్పులు, కంగారులో మానేసే టిఫిన్. బ్యాగులో నీళ్ల సీసా, పల్లీ చిక్కీ, మామూలు చెప్పులు పెట్టుకోమనండి. రాత్రి గంటలకొద్దీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టకండి. నిద్రపోనివ్వండి.

అసలు కష్టం జాబితా వచ్చిన ఉదయం. తను మనసు పడ్డ హౌస్ పేరు అందులో ఉండదు. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే ఎన్ని మార్కులు తగ్గాయో తెలిసేది. ఇక్కడ కారణం ఎవరూ చెప్పరు. అందుకే పిల్ల దాన్ని తనలోనే వెతుక్కుంటుంది. నవ్వా, డ్రెస్సా, రంగా? ఆ బాధ ఉత్తిది కాదు. 2003లో కాలిఫోర్నియా పరిశోధకులు కంప్యూటర్‌లో బంతాట ఆడిస్తూ, మధ్యలో బంతి అందకుండా చేసి మెదడు స్కాన్ తీశారు. ఒంటి నొప్పికి స్పందించే భాగాల్లో ఒకటి అప్పుడూ చురుగ్గా కనిపించింది.

కాబట్టి ‘ఇంత చిన్నదానికా?’ అనొద్దు. ‘మనకెందుకు అవన్నీ, ముందే చెప్పాను కదా’ అని అస్సలు అనొద్దు. రంగు సంగతి కాస్త చిక్కు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అలబామాలోనే తెల్లవారి సోరోరిటీలు నల్లజాతి అమ్మాయిలను పక్కన పెడుతున్నాయని 2013లో విద్యార్థి పత్రిక బయటపెట్టాకే మార్పు మొదలైంది. అయినా ఆ మాట తను ఎత్తితే వినండి. మీ కోపాన్ని ముందుగా తన నెత్తిన పెట్టకండి. నిజానికి ఆ పూట తల్లిదండ్రులకూ దెబ్బ తగులుతుంది, ‘నా పిల్లను కాదంటారా’ అని. అది ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోండి. యూనివర్సిటీకి ఫోన్ చేసి నిలదీయాలనిపిస్తే ఆగండి, తను మరింత కుంగిపోవచ్చు.

ఏడవనివ్వండి. ఏమైనా తిన్నావా అని అడగండి. మిగిలిన హౌస్‌లకు వెళ్లాలా, మానేయాలా అన్నది తననే తేల్చుకోనివ్వండి. ఆ వారం వెంట ఉండే సీనియర్ కౌన్సెలర్‌తో మాట్లాడమని చెప్పొచ్చు. వేరే దారులు రెండు రోజులాగి చెప్పండి. కొన్ని హౌస్‌లు ఖాళీలుంటే తర్వాత కూడా చేర్చుకుంటాయి. 1998లో టెక్సాస్‌లో పుట్టిన డెల్టా ఫై ఒమేగా, కప్పా ఫై గామా వంటి దక్షిణాసియా సోరోరిటీలూ ఉన్నాయి. ఆ ఏడుపు మధ్యలో చెబితే మాత్రం ‘నీకు ఇదే గతి’ అన్నట్టు వినిపిస్తుంది.

రెండు వారాలు గడిచినా సరిగా తినడం లేదు, నిద్ర లేదు, క్లాసులకు వెళ్లడం లేదు అంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లాలి. చనిపోవాలన్న మాట వస్తే దాటవేయకుండా సూటిగా అడగండి. 988కి కాల్ చేసినా, మెసేజ్ చేసినా ఏ వేళైనా పలుకుతారు. ప్రాణాపాయం ఉంటే 911.

బిడ్ వచ్చినా ఒక కన్నేసి ఉంచండి. కొత్తవారిని నిద్ర పోనివ్వకపోవడం, బలవంతంగా తాగించడం, ఇంట్లో చెప్పొద్దనడం ర్యాగింగే. అక్కడ దాన్ని హేజింగ్ అంటారు.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. 18 దాటిన పిల్ల ఆరోగ్య వివరాలను తన అనుమతి లేకుండా ఆసుపత్రులు సాధారణంగా తల్లిదండ్రులకు చెప్పవు. కాలేజీలో దించడానికి వెళ్లినప్పుడే, తనకు ఇష్టమైతే, ఆ అనుమతి పత్రంపై సంతకం చేయించి ఒక ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.